తిథియా, వారమా? - పస్కానుండి ఈస్టరు వరకు

మన పండుగలలో పెక్కింటికి తిథి ప్రధానము. భాద్రపద శుద్ధ చవితినాడు వినాయకుని పూజింతుము. ఆనాడు బుధవారమా, శనివారమా యని చూడము. యూదుల పస్కా పండుగయు ఇట్టిదే. నీసాను మాసమున పదునాలుగవనాటి సాయంకాలము, చంద్రుడు నిండుగా ఉదయించు వేళ, అది ఆరంభమగును.

దాని పుట్టుక నిర్గమకాండము 12వ అధ్యాయమున చెప్పబడినది. ఐగుప్తు దాస్యమున మ్రగ్గుచుండిన ఇశ్రాయేలీయులు నిర్దోషమైన గొఱ్ఱెపిల్లను వధించి, దాని రక్తమును ద్వారబంధములకు పూసిరి. ఐగుప్తీయుల తొలిచూలు బిడ్డలను హతమార్చిన ఆ రాత్రి మృత్యువు, రక్తపు గుర్తుగల ఇండ్లను దాటిపోయెను. పస్కా యను మాటకు ఆ దాటిపోవుటయే అర్థమని చెప్పుదురు. పిండి పులియువరకు ఆగుటకు వ్యవధి లేక, వారు పొంగని రొట్టెలతోనే బయలుదేరిరి. నేటికిని యూదులు ఆ రాత్రి పులియని రొట్టెను, దాస్యపు చేదును తలపించు చేదుకూరలను భుజింతురు. ఇంటిలోని చిన్నబిడ్డ ఆ రాత్రి విశేషమేమని అడుగును. పెద్దలు విమోచనకథను వినిపింతురు. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నేలమట్టము చేయగా గొఱ్ఱెపిల్ల బలి నిలిచిపోయినది. కథ మాత్రము నిలువలేదు.

యేసు యూదుడు. ఆయన యెరూషలేమునకు చివరిమారు వచ్చినది ఈ పండుగకే. మత్తయి, మార్కు, లూకా సువార్తలలో ఆయన శిష్యులతో భుజించిన కడరాత్రి విందు పస్కా విందు. యోహాను సువార్తలో ఆయన సిలువ వేయబడినది పస్కాకు సిద్ధపడు దినమున. కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పౌలు క్రీస్తునే పస్కా బలిగా పేర్కొనెను. ఈ విధముగా క్రైస్తవ విశ్వాసమున ఐగుప్తు దాస్యము పాపదాస్యమునకు గుర్తయినది. గొఱ్ఱెపిల్ల రక్తము క్రీస్తు రక్తమునకు గుర్తయినది.

అయితే ఒక చిక్కు కలిగెను. యేసు పునరుత్థానుడైనది ఆదివారము. మరి ఈ పండుగను తిథినిబట్టి చేయవలెనా, వారమునుబట్టి చేయవలెనా? చిన్న ఆసియాలోని సంఘములు పదునాలుగవ తిథినే పాటించెను. రోములో ఆదివారము ముఖ్యమయ్యెను. సుమారు 155లో స్ముర్న అధ్యక్షుడు పోలికార్పు వృద్ధాప్యమున రోమునకు పోయి అనికేతసుతో ఈ విషయము చర్చించెను. యోహాను మొదలగు అపొస్తలులతో కలిసి తాను తిథినే పాటించితినని ఒకరు, తనకు పూర్వులైన పెద్దల ఆచారమును విడువజాలనని మరొకరు పలికిరి. ఎవరును లొంగలేదు. అయినను అనికేతసు తన సంఘమున ప్రభురాత్రి భోజన సంస్కారమును జరుపు గౌరవమును అతిథికే ఇచ్చెను. ఇరువురును సమాధానముతో విడిపోయిరి.

సుమారు నలుబదేండ్లకు రోము అధ్యక్షుడు విక్టరు ఆసియా సంఘములను వెలివేయ సంకల్పింపగా, లియోను అధ్యక్షుడు ఇరేనియసు ఈ పాత సంగతినే జ్ఞాపకముచేసి, తొందర కూడదని హెచ్చరించెను.

తుదకు 325లో నికేయా సభ అందరును ఒకే ఆదివారము పండుగ చేయవలెనని నిశ్చయించెను. వసంత విషువము పిమ్మట వచ్చు పూర్ణిమకు తరువాతి ఆదివారమను లెక్క క్రమముగా స్థిరపడెను. తిథిని పూర్తిగా విడువలేదు. వారమును దానికి చేర్చిరి. అయితే ఆ సందర్భమున కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సంఘములకు వ్రాసిన లేఖలో, యూదుల లెక్కను అనుసరించుట తగదని కటువుగా పలికెను. అది గణితమునకు సంబంధించిన మాట కాదు, ద్వేషమునకు సంబంధించినది. మధ్యయుగముల ఐరోపాలో ఈస్టరునకు ముందటి వారము యూదులకు భయకాలమయ్యెను. క్రీస్తు మరణమునకు యూదులందరును దోషులు కారని రెండవ వాటికను సభ ప్రకటించునప్పటికి 1965 వచ్చినది.

1582లో పంచాంగ సంస్కరణము జరిగిన పిదప తూర్పు, పడమటి సంఘముల ఈస్టరు తరచుగా వేరువేరు ఆదివారములలో వచ్చుచున్నది. నికేయా సభకు 1700 ఏండ్లు నిండిన 2025లో మాత్రము రెండును ఏప్రిల్ 20వ తేదీననే కలిసివచ్చినవి. లెక్కలు కలియు దినములు అరుదు. లెక్క కలియకపోయినను ఒకే బల్లయొద్ద కూర్చుండుట సాధ్యమేనని పోలికార్పు, అనికేతసులు ఏనాడో చూపియున్నారు.