థొరాంగ్ కనుమలో హుద్‌హుద్

హుద్‌హుద్ అనగానే మనకు విశాఖపట్నం గుర్తుకొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం. వేళ్లతో సహా పెకలిపోయిన చెట్లు, పైకప్పు చెదిరిన విమానాశ్రయం, కరెంటు లేని రాత్రులు, పాల ప్యాకెట్ కోసం బారులు. ఆ తుపానుకు బలైనవాళ్లను మనం మన జిల్లాల్లోనే లెక్కపెట్టుకున్నాం. కానీ రెండు రోజుల తర్వాత అదే తుపాను, విశాఖకు దాదాపు తిన్నగా ఉత్తరాన, సుమారు 1200 కిలోమీటర్ల అవతల ఇంకొందరిని పొట్టనపెట్టుకుంది. అక్కడికి అది గాలిగా రాలేదు. మంచుగా వచ్చింది. ఆ చావులు మన లెక్కలోకి రాలేదు గనక, ఆలస్యంగానైనా వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

అండమాన్ సముద్రంలో అల్పపీడనంగా పుట్టి, 8వ తేదీన అండమాన్ దీవులు దాటి, బలపడుతూ మన వైపు కదిలింది హుద్‌హుద్. అది ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల మీదికి వస్తుందని భారత వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. చెప్పినట్టే వచ్చింది. లక్షల మందిని ముందే తరలించారు కాబట్టే ప్రాణనష్టం అంతటితో ఆగింది. ఈ దేశంలో తుపాను హెచ్చరిక ఎంత దూరం ఎదిగిందో తెలియాలంటే 1977 దివిసీమ ఉప్పెనను తలుచుకుంటే చాలు. ఆ ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే తుపాను నేల మీదికి రాగానే దాని మీద మన ధ్యాస సడలిపోతుంది. గాలి తగ్గుతుంది, వాయుగుండమవుతుంది, మళ్లీ అల్పపీడనమవుతుంది, వార్తల్లోంచి జారిపోతుంది. హుద్‌హుద్ కూడా ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యానికి సాగి 14వ తేదీకి తూర్పు ఉత్తరప్రదేశ్ చేరేసరికి వట్టి అల్పపీడనం. ఆ రోజే ప్రధాని విశాఖ వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. ఇక్కడ అందరి మనసుల్లోనూ తుపాను ముగిసిపోయింది. గాలి చచ్చిపోయిన మాట నిజమే. బంగాళాఖాతం నుంచి మోసుకొచ్చిన నీరు మాత్రం అలాగే ఉంది. అదే సమయానికి హిమాలయాల మీదుగా పశ్చిమ గాలుల ద్రోణి ఒకటి వచ్చింది. చల్లగాలిని తెచ్చిన ఆ ద్రోణి, కింద ఉన్న తేమనంతా ఉత్తరానికి, కొండల మీదికి లాగింది. 5 వేల మీటర్లకు పైగా లేచిన గోడకు తగిలిన ఆ తడిగాలికి పైకి ఎక్కడం తప్ప వేరే దారి లేదు. ఎక్కేకొద్దీ చల్లబడింది. చల్లబడేకొద్దీ మోసుకొచ్చిందంతా దింపేసింది.

ఆ గోడ మీద అప్పుడు జనం ఉన్నారు. అక్టోబరు నేపాల్ కొండల్లో నమ్మకమైన నెల. రుతుపవనాలు వెళ్లిపోయి ఆకాశం కడిగినట్టుంటుంది, చలి ఇంకా ముదరదు. దశైం పండుగ ముగించుకుని గైడ్లు, బరువులు మోసే కూలీలు తిరిగి పనిలోకి వస్తారు. ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఈ కొన్ని వారాలదే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఎవరెస్ట్ దారిలో, ఖుంబు ఐస్‌ఫాల్ దగ్గర మంచు చరియ విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే శరదృతువు పని మొదలైంది.

అన్నపూర్ణ పర్వతాల చుట్టూ సాగే నడకదారికి ఎత్తైన చోటు థొరాంగ్ లా కనుమ, 5416 మీటర్లు. ఇవతల మనాంగ్ లోయ, అవతల ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో ఒకటి గనక ముక్తినాథ్ మన వైష్ణవ కుటుంబాలకు తెలిసిన క్షేత్రమే. మనాంగ్‌లో ఒకటి రెండు రోజులు ఆగి పలచటి గాలికి ఒంటిని అలవాటు చేసుకుంటారు. తర్వాత థొరాంగ్ ఫెడీకి గాని, దాని పైనున్న శిబిరానికి గాని చేరి, పొద్దెక్కాక కనుమ మీద గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారకముందే బయల్దేరతారు. కనుమ దాటి చీకటి పడేలోగా ముక్తినాథ్ దిగాలి. మధ్యలో ఆసరా అంటే, కనుమ మీద ఒక చిన్న టీ దుకాణం.

కొండల్లో వాన, మంచు కలగలిసి వచ్చే వాతావరణాన్ని ముందుగా చెప్పడం కష్టంతో కూడిన విద్య. ఎత్తు 100 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత అర డిగ్రీకి కొంచెం ఎక్కువ తగ్గుతుంది. అంచనా ఒక్క డిగ్రీ తప్పితే మంచు మొదలయ్యే ఎత్తు 150 మీటర్లు అటో ఇటో జరుగుతుంది, అంటే ఒక ఊరి లెక్కే మారిపోతుంది. పైగా ఆ ఎత్తు ఒకచోట నిలవదు. పొడిగాలిలో పడే వాన కొంత ఆవిరవుతుంది, తడిగుడ్డ చుట్టిన కుండలో నీరు చల్లబడ్డట్టు ఆ గాలి చల్లబడుతుంది. రాలుతున్న మంచు కరగాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది. ఇరుకు లోయలో గాలి తక్కువ, కాబట్టి త్వరగా చల్లబడుతుంది. జోరుగా కురిసేచోట సాయంత్రం వానగా ఉన్నది అర్ధరాత్రికి మంచుగా మారడానికి ఇదే కారణం. కంప్యూటర్ నమూనాలు భూమిని గడులుగా విడగొట్టి లెక్క కడతాయి. ఇరవై, ముప్పై కిలోమీటర్ల గడిలో శిఖరమూ లోయా కలిసిపోయి ఒకే సగటు ఎత్తు మిగులుతుంది. రాడార్ ఉంటే కొంత ఊరట, దాని చూపుకూ కొండలు అడ్డొస్తాయి. అప్పటికి నేపాల్‌లో ఒక్క వాతావరణ రాడార్ కూడా లేదు.

ఇన్ని చిక్కులున్నా, థొరాంగ్ విషయంలో చెప్పలేనంత కష్టమేమీ లేదు. ఇదే నన్ను బాధిస్తుంది. 5400 మీటర్ల ఎత్తున పడేది వానా మంచా అన్న సందేహానికి తావు లేదు. ఎంత పడుతుందన్నదే ప్రశ్న. తుపాను తేమ ఉత్తరానికి వస్తోందని ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. వానలు పడతాయని, ఎత్తైన చోట మంచు కురుస్తుందని ఖాట్మండులోని వాతావరణ కార్యాలయం ముందే చెప్పింది. అంకెలు సరిగ్గా కుదరకపోయినా ‘రెండు రోజులు కదలకండి’ అనడానికి అంత సమాచారం చాలు. ఆ మాట ఫెడీలో టార్చిలైట్లు వెలిగించుకుని బూట్ల తాళ్లు బిగిస్తున్నవాళ్ల దాకా వెళ్లలేదు.

14వ తేదీ మంగళవారం. మంచు పడుతుండగానే చాలామంది బయల్దేరారు. మామూలు మంచే, పొద్దెక్కితే తెరిపిస్తుందనుకున్నారు. తెరిపివ్వలేదు. కనుమ ప్రాంతంలో పన్నెండు గంటల్లో దాదాపు 1.8 మీటర్ల మంచు పడిందని తర్వాత చెప్పారు. మనిషి ఎత్తు అది. దారి మునిగిపోయింది, దారి గుర్తులూ మునిగిపోయాయి. కళ్ల ముందు చెయ్యి చాపితే కనపడనంత తెలుపు. పైనున్న టీ దుకాణంలో జనం కిక్కిరిసిపోయారు. అక్కడే ఉండిపోవాలా, చీకటి పడేలోగా దిగాలా? కొందరు ఉండిపోయారు. కొందరు ముక్తినాథ్ వైపు దిగారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆ దిగుడులోనే పోయారు. చలికి, అలసటకు, మంచు చరియల కింద. బరువులు మోసే కూలీల ఒంటి మీద ఉన్నవి చాలావరకు పలచటి బట్టలే. మనాంగ్ వైపు మరో లోయలోనూ, ధవళగిరి దగ్గరా మంచు చరియలు మరికొందరిని తీసుకుపోయాయి. జడల బర్రెలు మేపుకునే స్థానికులూ పోయారు.

మర్నాడు పొద్దున ఆకాశం తేటగా ఉంది. మబ్బు విడిపోబట్టే నేపాల్ సైన్యం హెలికాప్టర్లు ఎగరగలిగాయి. ఆ తర్వాతి రోజుల్లో 500 మందికి పైగా కాపాడారు. ఎందరి చేతివేళ్లు, కాలివేళ్లు చలికి చచ్చుబడ్డాయో. మృతులు కనీసం 43 మంది. నేపాలీలు, భారతీయులు, ఇజ్రాయెల్, కెనడా, పోలండ్, స్లొవేకియా దేశాలవాళ్లు. నేపాల్ నడకదారుల్లో అంతకు మించిన విషాదం అప్పటివరకు లేదు. ఫెడీలో ఒక్క రోజు ఆగి ఉంటే వాళ్లలో ఎక్కువమంది ఆ తేట ఆకాశం కింద నడిచి ఇళ్లకు చేరేవాళ్లు. నాకు ఈ ఊహ నుంచి తప్పించుకునే దారి కనపడదు.

హెచ్చరిక వ్యవస్థ ఏర్పాటు చేస్తామని నేపాల్ ప్రధాని సుశీల్ కోయిరాలా మాట ఇచ్చారు. ఏడు నెలలు తిరక్కుండానే, 2015 ఏప్రిల్ 25న, భూకంపం వచ్చి సుమారు 9 వేల మందిని తీసుకుపోయింది. ఆ దుఃఖం ముందు థొరాంగ్ దుఃఖం చిన్నదైపోయింది. తొలి రాడార్ పశ్చిమ నేపాల్‌లోని సుర్ఖేత్‌లో నిలబడేసరికి మరికొన్నేళ్లు పట్టింది.

ఎవరూ ఊహించని ఉపద్రవమని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1995 నవంబరులో కూడా బంగాళాఖాతపు తుపాను ఒకటి నేల మీదికి వచ్చి, ఉత్తరానికి సాగి, హిమాలయాల మీద మంచై కురిసింది. ఎవరెస్ట్ దగ్గరి గోక్యో లోయలో మంచు చరియ విరిగిపడి, బసలో నిద్రపోతున్న జపాన్ యాత్రికులను, వాళ్ల నేపాలీ సహాయకులను కప్పేసింది. ఆ తుపాను ఒడ్డుకు తగిలింది గోపాల్‌పూర్ దగ్గర, మన ఇచ్ఛాపురానికి పక్కనే. థొరాంగ్‌కు అప్పటికింకా 19 ఏళ్ల వ్యవధి ఉంది.