పెనాల్టీ బుల్లీ నుండి పెనాల్టీ స్ట్రోక్ వరకు

హాకీ పోటీల వ్యాఖ్యానమును రేడియోలో వినెడివారికి ఒక విషయము సుపరిచితము. ఆట సాగుచున్నంతసేపు వ్యాఖ్యాత గొంతు బంతివెంట పరుగిడుచుండును. ఉన్నట్లుండి అంపైరు ఈల వినబడును. జనఘోష అణగిపోవును. పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చినారని వ్యాఖ్యాత తెలుపును. అంతవరకు ఇరువదిఇద్దరు ఆడిన ఆట ఆ క్షణమున ఇద్దరి ఆటగా మారిపోవును. ఒకరు బంతిని గోలులోనికి పంపవలెను. ఒకరు దానిని ఆపవలెను. మిగిలినవారు దూరమున నిలిచి చూడవలసినదే.

ఈ నిబంధన హాకీతోపాటు పుట్టినది కాదు. ఇది 1963లో వచ్చినది. అంతకు పూర్వము దీని స్థానమున వేరొక పద్ధతి అమలులో ఉండెడిది. దానిని తీసివేసి దీనిని ఎందుకు తెచ్చిరో గమనించినచో, ఆటలో జరిగిన అన్యాయమునకు తగిన పరిహారమేమి అను ప్రశ్నకు పెద్దలు ఎట్లు సమాధానము వెదకిరో తెలియగలదు.

సమస్య ఇది. గోలుకు ఎదుట వంపు గీతతో గుర్తించిన భాగమును సర్కిల్ అందురు. దాడి చేయు ఆటగాడు సర్కిల్ లోపలినుండి కొట్టిన బంతియే గోలుగా చెల్లును. అట్లు కొట్టిన బంతి గోలులోనికి పోవుచుండగా, రక్షణ పక్షమువాడు దానికి కాలు అడ్డము పెట్టినాడనుకొందము. గోలుకీపరు తప్ప తక్కినవారు బంతిని కాలితో ఆపుట నిషిద్ధము. తప్పు జరిగినది, గోలు తప్పినది. ఇందుకు సాధారణమైన ఫ్రీహిట్ మాత్రమే ఇచ్చినచో తప్పు చేసినవానికే లాభము. కాలికి తగిలిన దెబ్బ కొంతసేపటికి మానును. తప్పిపోయిన గోలు మాత్రము తిరిగి రాదు.

ఈ చిక్కునకు పూర్వులు కనిపెట్టిన ఉపాయము పెనాల్టీ బుల్లీ. ఆ కాలమున హాకీ ఆట ఆరంభమగుటయే బుల్లీతో. ఇరుపక్షములనుండి ఒక్కొక్కడు బంతికి చెరియొక ప్రక్క నిలిచి, తన కర్రతో ఒకసారి నేలను, ఒకసారి ఎదుటివాని కర్రను, ఇట్లు ముమ్మారు తాకించి, పిమ్మట బంతికై పోటీపడెడివారు. పెనాల్టీ బుల్లీని గోలు గీత మధ్యభాగమునకు 5 గజముల ముందు జరిపెడివారు. తప్పు చేసినవాడు ఒకడు, ఎదుటి పక్షము ఎన్నుకొన్నవాడు ఒకడు తలపడెడివారు. తక్కినవారందరు 25 గజముల గీతకు ఆవల నిలువవలసియుండెడిది.

చూచుటకు ఇది ముచ్చటయైన ద్వంద్వయుద్ధమే. కాని ఇందొక లోపము కలదు. గోలు ఖాయమనిపించిన చోట ఒకడు తప్పు చేసి దానిని ఆపినాడు. అట్టివానిని శిక్షించుటకు మారుగా, నష్టపోయినవానితో సమానముగా నిలిపి మరల పోటీకి అవకాశమిచ్చుచున్నారు. బుల్లీలో నేర్పరియైన రక్షకుడు మొదట తప్పుచేతను, పిదప నైపుణ్యముచేతను రెండుసార్లు గోలును తప్పింపగలడు. దొంగిలిన సొత్తును ఇచ్చివేయుమని చెప్పక, సొంతదారుతో మరియొకసారి పెనుగులాడుమని చెప్పినట్లున్నది ఈ తీర్పు!

మరి నేరుగా గోలునే ఇచ్చివేయరాదా? అదియును న్యాయము కాదు. తప్పు జరుగకున్నచో గోలు కావచ్చును, కాకపోవచ్చును. పోయినది గోలు కాదు, గోలు చేయు మంచి అవకాశము. కావున తిరిగి ఇవ్వవలసినది ఆ అవకాశమునే. 1963లో వచ్చిన పెనాల్టీ స్ట్రోక్ ఈ మధ్యేమార్గము. తప్పు చేసినవాడు ఇందు తొలగిపోవును. నష్టపోయిన పక్షమునకు గోలుకీపరు ఒక్కడే ఎదురుగా, బంతి తన వశమున, అవకాశము లభించును.

నేటి నిబంధనల ప్రకారము స్ట్రోక్ చుక్క గోలు గీతకు సుమారు 6.4 మీటర్ల దూరమున, అనగా 7 గజముల దూరమున ఉండును. గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. గడియారమును ఆపుదురు. తక్కినవారందరు 23 మీటర్ల గీతకు ఆవల ఉందురు. గోలుకీపరు రెండు పాదములను గోలు గీతపై ఉంచి, బంతి కదలువరకు ఏ పాదమును కదపరాదు. స్ట్రోక్ తీసికొనువాడు బంతికి కర్ర అందునంత దగ్గరగా నిలిచి, అంపైరు ఈల వేయువరకు ఆగవలెను. బంతిని ఒకేసారి తాకవలెను. కర్రను వెనుకకు ఎత్తి కొట్టరాదు. బంతిని ఈడ్చుకొనిపోయి విసరరాదు. నెట్టవచ్చును, మణికట్టు విసురుతో లేపవచ్చును, కర్రతో ఎత్తి వేయవచ్చును. ఎంత ఎత్తునకైనను పంపవచ్చును. కొట్టునట్లు నటించి గోలుకీపరును మోసగించుట మాత్రము కూడదు. గోలుకీపరు పాదములను గీతకు కట్టివైచినప్పుడు, ఎదుటివాని చేతులను నిజాయితీకి కట్టివేయుట ఉచితమే కదా!

ఇందలి పద్ధతి వినుటకు సులభము. ఆటగాడు ఎడమ భుజమును గోలువైపు త్రిప్పి, పాదములను ఎడముగా ఉంచి, కర్రను బంతికి ఆనించును. ఈల వినబడగనే శరీర భారమును వెనుక కాలినుండి ముందు కాలికి తెచ్చుచు, మణికట్ల విసురుతో బంతిని పంపును. గోలుకీపరు నడుమ నిలిచినచో ఒక్కొక్క స్తంభము అతనికి 1.83 మీటర్ల దూరమే. కావున బంతిని స్తంభము ప్రక్కగా నేలబారుననో, పైమూలకో పంపవలెను. ఏ మూలకో ముందే నిశ్చయించుకొని, చూపులో దానిని బయటపెట్టకుండుట, చివరి క్షణమున మనస్సు మార్చుకొనకుండుట ముఖ్యము. కర్ర పట్టిన చేతికన్న మనస్సు నిలుకడ ఇచట ఎక్కువ పని చేయును.

ఈ నిబంధన వచ్చిన మరుసటి యేడే భారత హాకీ చరిత్రలో దానికి స్థానము లభించినది. 1928 నుండి 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన భారతదేశము 1960లో రోము ఫైనలులో పాకిస్తాను చేతిలో 0–1తో ఓడినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలోను ఆ జట్టే మనలను ఓడించినది. 1964 అక్టోబరులో టోక్యో ఒలింపిక్ ఫైనలులో మరల ఆ రెండు జట్లే తలపడినవి. ద్వితీయార్ధమున భారతదేశమునకు పెనాల్టీ కార్నర్ లభించినది. పృథిపాల్ సింగ్ కొట్టిన బంతి మునీర్ దార్ పాదమునకు తగిలి ఆగినది. అంపైరు పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చినాడు. మొహిందర్ లాల్ దానిని గోలు చేసెను. పిమ్మట పాకిస్తాను దాడులను గోలుకీపరు శంకర్ లక్ష్మణ్ అడ్డుకొనగా, 1–0తో స్వర్ణము తిరిగి వచ్చినది. పాత పద్ధతియే ఉండియున్నచో, ఆ స్వర్ణపు గోలుకై మన ఆటగాడు తప్పు చేసినవానితోనే కర్రలు తాకించి పెనుగులాడవలసి యుండెడిది.

అయితే అవకాశము అవకాశమే. అది గోలుగా మారునని ఎవరును హామీ ఇయ్యలేరు. 1973లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రపంచ కప్పు ఫైనలులో ఆతిథేయ జట్టుపై భారతదేశము తొలుత 2–0 ఆధిక్యము పొంది, తరువాత 2–2తో సమమైనది. అదనపు సమయమున మనకు ఒక పెనాల్టీ స్ట్రోక్ వచ్చినది. గోలయినచో కప్పు మనదే. నేర్పరియైన గోవింద తీసికొనగా అది గోలు కాలేదు. పిదప ఫలితము తేల్చుటకు జరిపిన స్ట్రోకులలో నెదర్లాండ్స్ 4–2తో గెలిచినది. రెండేండ్లకు, 1975లో, కౌలాలంపూరులో ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఆ గోవిందయును ఉండెను. ఒక స్ట్రోక్ తప్పినంతమాత్రమున ఆటగాని విలువ తరుగదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

సమమైన ఆటలను స్ట్రోకులతో తేల్చు పద్ధతికి బదులు, 23 మీటర్ల గీతనుండి బంతితో వచ్చి 8 సెకండ్లలో గోలు చేయవలసిన షూటౌట్ తరువాతి కాలమున వచ్చినది. అందులోనైనను గోలుకీపరు బుద్ధిపూర్వకముగా తప్పు చేసి అడ్డగించినచో, పరిహారము పెనాల్టీ స్ట్రోకే. ఆటలో జరిగిన పెద్ద తప్పులకును అదియే నేటికిని పరిహారము. 2021 ఆగస్టులో, మరల టోక్యోలోనే, కాంస్య పతకపు పోటీలో జర్మనీపై 1–3తో వెనుకబడిన భారతదేశము 3–3కు చేరుకొన్న తరువాత, మనకు ఆధిక్యమునిచ్చిన నాలుగవ గోలు రూపిందర్ పాల్ సింగ్ తీసికొన్న పెనాల్టీ స్ట్రోక్ ద్వారా వచ్చినదే. ఆ ఆట 5–4తో గెలిచి, 41 ఏండ్ల తరువాత హాకీలో ఒలింపిక్ పతకము పొందితిమి.

జయాపజయముల మాట అటుంచి, ఈ నిబంధనలో ఒక వివేకము కనబడుచున్నది. తప్పు చేసినవానికి దానివలన లాభము కలుగరాదు. నష్టపోయినవానికి పోయినదానికన్న ఎక్కువ ముట్టరాదు. ఈ రెంటిని తూచుటకు హాకీ పెద్దలు ఎంచుకొన్న త్రాసు మైదానములో గుర్తించిన ఆ చిన్న తెల్లని చుక్క. ఈసారి రేడియోలో ఆ ఈల వినబడి, మైదానము నిశ్శబ్దమైనప్పుడు, అచట తూగుచున్నది గెలుపోటములు మాత్రమే కాదని శ్రోతలు గుర్తింతురు గాక.