పురుషాంగ క్యాన్సరు: నివారణోపాయముల చరిత్ర

మానవ శరీరమునకు వచ్చు క్యాన్సరులలో పెక్కు లోపల దాగియుండి, యంత్రముల సాయము లేనిదే బయటపడవు. పురుషాంగమునకు వచ్చు క్యాన్సరు అట్టిది కాదు. అది చర్మముపైననే పుట్టును. రోగి దానిని తన కంటితో చూడగలడు, చేతితో తాకగలడు. అయినను మన పల్లెలలో పలువురు రోగులు వైద్యుని చేరునప్పటికి వ్యాధి ముదిరిపోవుచున్నది. కంటికి కనబడు వ్యాధి కాలము మించువరకు ఏల దాగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము దీని చరిత్రలోనే కలదు.

యూరపు, అమెరికా దేశములలో లక్షమంది పురుషులలో సాలుకు ఒకరికైనను ఈ వ్యాధి రాదు. మన దేశములోని కొన్ని గ్రామీణ ప్రాంతములలోను, బ్రెజిల్, పరాగ్వే, ఉగాండా వంటి దేశములలోను ఇది అంతకంటె హెచ్చు. నీరు, చదువు, వైద్యము అందని చోట్లనే ఇది ప్రబలుట గమనింపదగినది.

పురుషాంగపు కొనను కప్పియుండు చర్మమునకు ముందోలు అని పేరు. కొందరికి ఇది బిగుసుకొనిపోయి వెనుకకు మరలదు. సుశ్రుతుడు ఈ స్థితిని 'నిరుద్ధప్రకశము' అని వర్ణించెను. ఇనుముతోగాని, కొయ్యతోగాని, లక్కతోగాని చేసిన సన్నని గొట్టమునకు నేయి రాచి లోనికి చొప్పించి, మూడేసి దినములకొకసారి మరింత లావు గొట్టమును మార్చుచు ద్వారమును వెడల్పు చేయవలెనని చెప్పెను. ఈ బిగువే క్యాన్సరునకు ముఖ్యమైన దారి యని ఆనాడు తెలియదు. బిగువు కలిగిన చోట శుభ్రత కుదరదు, మడ్డి చేరును, వాపు, ఒరపిడి ఏండ్ల తరబడి నిలిచిపోవును. క్యాన్సరునకు కావలసిన నేల అదియే.

చర్మముపై చిరకాలము నిలిచిన మలినము క్యాన్సరును పుట్టింపగలదని మొదట చూపినవాడు లండను శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్. పొగగొట్టములు ఊడ్చు పనివారికి వృషణముల తోలుపై వచ్చు పుండ్లకు మసియే కారణమని 1775లో ఆయన వ్రాసెను. 1932లో ఏబ్రహాం వోల్‌బార్‌స్ట్ అను అమెరికా వైద్యుడు, శైశవమునందే సున్తీ జరిగినవారిలో పురుషాంగ క్యాన్సరు మిక్కిలి అరుదని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. భారతీయ వైద్యులును ఆసుపత్రి లెక్కలలో ఇట్టి భేదమునే చూచిరి. కర్నూలు, కడప జిల్లాలలో హిందువులు, ముస్లిములు తరతరములుగా ఇరుగుపొరుగున ఒకే గాలి పీల్చి, ఒకే తిండి తిని జీవించుచున్నారు. అట్టివారి నడుమ ఒక వ్యాధి విషయమున భేదము కనబడినచో, కారణమును ఆచారములోనే వెదకవలెను గదా! బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి అనువారు 1945లో వ్రాసిన వ్యాసము ఈ మార్గమునకు చెందినదే. ఆంధ్రతీరమున 'అడ్డపొగ' త్రాగువారి అంగిలిలో వచ్చు క్యాన్సరును కూడ అందులో ఆచారముతో ముడిపెట్టి చూపిరి.

అయితే సున్తీ లేనిచో గతి లేదా? ఈ ప్రశ్నకు డెన్మార్కు సమాధానము చెప్పినది. అచ్చటి పురుషులలో సున్తీ మిక్కిలి తక్కువ. అయినను 1943 మొదలు 1990 వరకు ఈ వ్యాధి క్రమముగా తగ్గి, లక్షకు 1.15 నుండి 0.82కు దిగినది. ఆ కాలములోనే స్నానపుగది గల ఇండ్లు నూటికి 35 నుండి 90కి పెరిగినవి. ఈ తగ్గుదలకు శుభ్రత పెరుగుటయే కారణమై యుండునని పరిశోధకులు తలచిరి. వేసవిలో నదులు ఎండి, బిందెడు నీటికి దూరము నడచు సీమలో ఈ సంగతికి విలువ హెచ్చు. ఇక్కడ కావలసినది చెంబెడు నీరే. కాని అది ప్రతిదినము కావలెను.

మరియొక కారణము తరువాత బయటపడినది. భర్తల పురుషాంగ క్యాన్సరునకు, భార్యల గర్భాశయ ముఖ క్యాన్సరునకు సంబంధము కలదా యని సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి మొదలగువారు 80 మంది రోగులను, వారి భార్యలను పరీక్షించి 1977లో ప్రకటించిరి. 1983లో జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందము గర్భాశయ ముఖ క్యాన్సరులో పాపిలోమా వైరసు 16వ రకమును కనుగొనెను. ఇందులకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. పురుషాంగ క్యాన్సరులలో సుమారు సగము ఈ జాతి వైరసులకు సంబంధించినవే. పొగాకు ఇంకొక కారణము.

వైరసునకు టీకా వచ్చినది. కాని టీకా మాత్రమే చాలదని మన రాష్ట్రమే నేర్చుకొనెను. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేయు పథకము మొదలై, 2010లో ఆగిపోయెను. తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రములపై సంతకములు చేసిరని బయటపడినది. తెలియజెప్పక చేసిన మేలుకూడ అనుమానమునకు తావిచ్చును.

చికిత్స చరిత్రలో పేద దేశమొకటి ప్రపంచమునకు పాఠము చెప్పినది. ఈ క్యాన్సరు మొట్టమొదట గజ్జలలోని బిళ్ళలకు ప్రాకును. ఏ బిళ్ళకు ముందుగా ప్రాకునో కనుగొని, దానిని పరీక్షించి తక్కిన శస్త్రచికిత్సను నిర్ణయింపవచ్చునని పరాగ్వేకు చెందిన రామోన్ కబానాస్ 1977లో ప్రకటించెను. ఈ సూత్రమే మెరుగులు దిద్దుకొని నేడు స్తనముల క్యాన్సరు చికిత్సలోను వాడబడుచున్నది.

రాయలసీమ రోగికి పూర్వము చికిత్స అనిన ప్రయాణమే. జమ్మలమడుగులో మిషను ఆసుపత్రి యుండినను, రేడియము వైద్యమునకు మద్రాసు పోవలెను. అచ్చట బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లోను, అడయారు క్యాన్సరు సంస్థ 1954లోను వెలసినవి. కర్నూలులో వైద్య కళాశాల 1956లో ఏర్పడినది. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమై పేదలకు శస్త్రచికిత్స ఖర్చును తగ్గించెను. దూరము తగ్గినది, సిగ్గు మాత్రము తగ్గలేదు.

పుండుగాని, కాయగాని, రంగు మారిన మచ్చగాని, దుర్వాసన గల స్రావముగాని రెండు మూడు వారములలో మానకున్నచో వైద్యునికి చూపవలెను. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతో అంగమును నిలుపుకొనవచ్చును. ఆలస్యమైనచో అంగమును కొంతగాని, పూర్తిగాగాని తొలగింపవలసి వచ్చును. బిళ్ళలు దాటినచో ప్రాణమునకే ముప్పు. యుక్తవయస్సు వచ్చిన బాలురు ముందోలును మెల్లగా వెనుకకు జరిపి ప్రతిదినము కడుగుకొనవలెను. పసిబిడ్డలలో అది అంటియుండుట సహజము, బలవంతముగా లాగరాదు. పెద్దయిన పిమ్మటను మరలనిచో వైద్యుడు సులభముగా సరిచేయగలడు.

సుశ్రుతుడు ఈ అవయవమును గూర్చి శిష్యులకు వెరవక బోధించెను. నేటి తరగతి గదిలో శరీర శాస్త్ర పాఠము చెప్పు ఉపాధ్యాయుడు దంతధావనమును గూర్చి చెప్పినంత మామూలుగా ఈ నాలుగు మాటలును చెప్పినచో, ఆ బాలుడు పెద్దవాడై పుండును దాచిపెట్టడు.