బార్కస్: సైనిక వసతి నుండి సొంత ఊరి దాకా

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట సమీపంలో ఉన్న వాడ బార్కస్. 'బ్యారక్స్' అనే ఆంగ్లపదమే జనవ్యవహారంలో 'బార్కస్' అయింది. సైనికులు తాత్కాలికంగా తలదాచుకొనే చోటును తెలిపే మాట తరతరాల నివాసానికి పేరుగా స్థిరపడటం గమనించదగిన విషయం. వలస వచ్చినవారు దేనివల్ల స్థానికులవుతారనే ప్రశ్నకు ఈ వాడ చరిత్ర ఒక సమాధానం చెబుతుంది. ఆ సమాధానాన్ని తండ్రుల వంశావళిలో కంటే తల్లుల ఇళ్ళలో వెతకడం సమంజసమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. హద్రమౌత్ నుండి దక్కనుకు

బార్కస్ అరబ్బు కుటుంబాల పూర్వికులలో అత్యధికులు నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతీయులు. ఆ ప్రాంతం నుండి ఆగ్నేయాసియాకు, తూర్పు ఆఫ్రికాకు ప్రధానంగా వర్తకులు, మతపండితులు వెళ్ళగా, దక్కనుకు ఎక్కువగా సైనికులు వచ్చారు. నిజాం క్రమబద్ధంకాని సేనలలో కొలువు చేసిన వీరిని స్థానికులు 'చావూష్'లని పిలిచారు. ఇది తుర్కీ సైనిక హోదా నుండి వచ్చిన పదం. వీరి నాయకులైన జమేదార్లు కొందరు వడ్డీవ్యాపారంతో సంస్థాన రాజకీయాలను శాసించే స్థితికి చేరారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ వారి ప్రాబల్యానికి కళ్ళెం వేశాడు.

ఈ రాకపోకలు ఏకముఖమైనవి కావు. హైదరాబాదు సైన్యంలో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశీయులు ఇక్కడ గడించిన ధనంతో, పలుకుబడితో హద్రమౌత్‌లో రాజ్యం స్థాపించారు. అది 1967 వరకు కొనసాగింది.

3. 1948: 'పరాయి' ఎవరు?

1948 సెప్టెంబరులో నిజాం సేనలు లొంగిపోయిన తరువాత సంస్థానంలోని విదేశీ మూలాల సైనికుల పరిస్థితి తారుమారైంది. అరబ్బులలో అనేకులను నిర్బంధించి, స్వదేశాలకు పంపే ప్రయత్నాలు సాగాయి. అయితే ఆ 'స్వదేశం' ఏది అనే చిక్కు వెంటనే ఎదురైంది. వలస వచ్చినవారు ప్రధానంగా పురుషులే. వారు ఇక్కడి స్త్రీలను వివాహమాడారు. అరబ్బు తండ్రికి, స్థానిక తల్లికి పుట్టిన సంతానాన్ని హద్రమీలు 'మువల్లద్'లంటారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మువల్లద్‌ను హద్రమౌత్‌కు పంపడమంటే తాను ఎన్నడూ చూడని ఊరికి పంపడమే.

భారత రాజ్యాంగంలోని 5వ అధికరణం ఈ చిక్కుకు సంబంధించినదే. రాజ్యాంగం ప్రారంభమయ్యే నాటికి ఈ దేశంలో స్థిరనివాసం కలిగి, ఇక్కడ పుట్టినవారిని, తల్లిదండ్రులలో ఎవరో ఒకరు ఇక్కడ పుట్టినవారిని, అంతకుముందు కనీసం 5 ఏళ్ళు ఇక్కడ నివసించినవారిని అది పౌరులుగా గుర్తించింది. వంశావళి తండ్రిని మాత్రమే లెక్కించే చోట చట్టం తల్లి పుట్టుకకూ సమాన విలువనిచ్చింది.

4. తల్లుల వారసత్వం

బార్కస్‌లో పేర్లు తండ్రివైపువి. 'బిన్', 'బా' వంటి ఉపపదాలు నేటికీ మూలాలను చెబుతాయి. ఇంటి భాష మాత్రం దక్కనీ ఉర్దూ. తల్లి ఒడిలో నేర్చిన మాట తండ్రి భాషను తోసిరాజంది. వంటదీ ఇదే తీరు. అరబ్బుల హరీస్ ఇక్కడి మసాలాలు, నేతితో హలీమ్‌గా మారి, 2010లో హైదరాబాదు పేరుతో భౌగోళిక గుర్తింపు పొందింది. అరబ్బులకూ, ఏ.సి. గార్డ్స్‌లో స్థిరపడిన ఆఫ్రికా సంతతివారైన సిద్దీలకూ చెందిన మర్ఫా వాద్యం నగరంలో ఇతర సముదాయాల పెళ్ళి ఊరేగింపులలోనూ మోగుతోంది.

5. ముగింపు

తుపాకి పట్టి వచ్చినవారి చరిత్ర సైనిక పత్రాలలో, జమేదార్ల వంశవృక్షాలలో దొరుకుతుంది. బ్యారక్స్‌ను ఇల్లుగా మార్చిన స్త్రీల పేర్లు అక్కడ చాలావరకు కనిపించవు. వారు ఏ ఊరి ఆడపడుచులో, ఏ భాషతో అత్తవారింట అడుగుపెట్టారో తెలిపే ఆధారం కుటుంబాల మౌఖిక స్మృతే. నాయనమ్మల, అమ్మమ్మల నోట అది నిలిచి ఉన్నప్పుడే సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. లేనిపక్షంలో బార్కస్ చరిత్ర వచ్చినవారి చరిత్రగానే మిగిలిపోతుంది, నిలిచినవారి చరిత్ర కాలేదు.