అల్బేనియా: దేవుడినే బ్యాన్ చేసిన దేశం.. బాప్తిస్మం ఇచ్చినందుకు ఫాదర్‌ని కాల్చేశారు

మతాన్ని అణచివేసిన కమ్యూనిస్టు ప్రభుత్వాలు చాలానే ఉన్నాయి. కానీ ప్రపంచంలోనే తొలి నాస్తిక దేశం మాదేనని ప్రకటించుకున్నది మాత్రం యూరప్‌లోని అల్బేనియా. 1967లో నియంత ఎన్వర్ హోజా హయాంలో చర్చిలు, మసీదులు కలిపి రెండు వేలకు పైగా ప్రార్థనా స్థలాలకు తాళం పడింది. క్యాథలిక్కుల కేంద్రమైన ష్కోదర్‌లో పెద్ద చర్చిని ఏకంగా స్పోర్ట్స్ హాల్‌గా మార్చేశారు.

అక్కడితో ఆగలేదు. అసలు భయం ఇళ్లలోకే వచ్చింది. 1976 రాజ్యాంగంలో ‘రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు’ అని రాసుకున్నారు. అంతకు ముందు ఏడాదే మతపరమైన పేర్లు మార్చుకోవాలని ఆదేశాలిచ్చారు. అంటే తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకునే పేరు కూడా సర్కారు లెక్కే!

ఫాదర్ ష్టెఫెన్ కుర్తీ కథ వింటే ఆ రోజులు ఎలా ఉండేవో తెలుస్తుంది. అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన మనిషి. ఓ తల్లి అడిగిందని ఆమె బిడ్డకు రహస్యంగా బాప్తిస్మం ఇచ్చారు. అదే నేరమైంది. 1970ల మొదట్లో ఆయన్ను కాల్చి చంపారు.

మరో ఫాదర్ ఎర్నెస్ట్ సిమోనీ. 1963 డిసెంబర్ 24న, క్రిస్మస్ పూజ ముగించగానే అరెస్ట్ చేశారు. హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడు కెనడీ కోసం పూజ చేయడం కూడా ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి. మరణశిక్ష పడింది, తర్వాత దాన్ని తగ్గించారు. ఏళ్ల తరబడి గనుల్లో వెట్టిచాకిరీ. పుస్తకం దొరకని చోట, లాటిన్ ప్రార్థనలను గుర్తున్న మేరకు చెప్పుకుంటూ లోలోపలే పూజ చేసుకునేవారు. 1981లో వదిలినా, ష్కోదర్ మురుగు కాలువల్లో పనికి పెట్టారు.

మన కోల్‌కతాలో ఉన్న మదర్ థెరిసాకూ ఈ బాధ తగిలింది. తల్లి, అక్క టిరానాలోనే చిక్కుకుపోయారు. ఎన్నిసార్లు అడిగినా వారిని బయటకు పంపలేదు. 1972లో తల్లి చనిపోయారు, కూతుర్ని చూడకుండానే.

హోజా 1985లో మరణించాడు. 1990 నవంబర్‌లో ష్కోదర్ శ్మశానంలో బహిరంగంగా పూజ జరిగితే వేల మంది తరలివచ్చారు, నిషేధం అధికారికంగా తొలగకముందే. 2014లో సిమోనీ అనుభవాలు విన్న పోప్ ఫ్రాన్సిస్ కన్నీరు పెట్టుకున్నారు. రెండేళ్లకు ఆయన్ను కార్డినల్ చేశారు. అదే 2016 నవంబర్‌లో, కమ్యూనిస్టు పాలనలో ప్రాణాలు పోగొట్టుకున్న 38 మందిని క్యాథలిక్ చర్చి ధన్యులుగా ప్రకటించింది. అందులో కుర్తీ పేరు కూడా ఉంది.