మేలుకోని యంత్రం – మేలుకొలుపుల చరిత్ర



"కంప్యూటరు లేవడం లేదండీ" అని మనవారు అంటూ ఉంటారు. జడపదార్థానికి నిద్రనూ మెలకువనూ ఆరోపించిన ఈ ప్రయోగం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఇదే పనికి ఆంగ్లంలో "బూటింగు" అని పేరు. బూటు అంటే పాదరక్ష కదా! పాదరక్షకూ యంత్రం మేలుకొనడానికీ ఏమి సంబంధమని వ్యుత్పత్తి మీద మక్కువ గలవారికి సందేహం కలగక మానదు. ఆ సందేహం కొస పట్టుకొని వెళితే గణకయంత్రాల చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ కంటబడుతుంది. ఇంట్లోని యంత్రం మొరాయించిన నాడు ఎక్కడ వెదకాలో, అంతకంటె ముఖ్యంగా తొందరపడి ఏమి చేయరాదో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

పొడవైన తోలుబూట్లకు, తొడుక్కొనేటప్పుడు పట్టి లాగడానికి వీలుగా ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాని పేరు బూట్‌స్ట్రాప్. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని లాగి నేల మీది నుంచి పైకి లేవడమన్నది అసంభవానికి ఉదాహరణగా పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన నానుడి. మన తార్కికులు ఇదే మాటను మరొక విధంగా చెప్పారు: ఎంత నేర్పరియైన నటుడైనా తన భుజం మీద తానే ఎక్కజాలడు. ఒక వస్తువు తన సిద్ధికి తన మీదనే ఆధారపడవలసి వస్తే దానిని ఆత్మాశ్రయ దోషం అన్నారు.

గణకయంత్రానికి పుట్టుకతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. యంత్రం ఏ పని చేయాలన్నా దాని మెమరీలో ఆదేశాలు ఉండాలి. విద్యుత్తు ఆగగానే ఆ మెమరీ ఖాళీ అవుతుంది. ఆదేశాలన్నీ డిస్కులో భద్రంగానే ఉంటాయి. కాని వాటిని డిస్కు నుంచి మెమరీలోకి తేవడమూ ఒక పనియే కనుక దానికీ ఆదేశాలు కావాలి. ఆ ఆదేశాలను తెచ్చేదెవరు? ఈ ప్రశ్నకు వివిధ కాలాలలో ఇచ్చిన సమాధానాల పరంపరయే బూటింగు చరిత్ర.

1952లో ఐబీఎం సంస్థ 701 అనే యంత్రాన్ని వెలువరించింది. దానికి "లోడ్" అని ఒక మీట ఉండేది. ఆ మీట నొక్కితే చిల్లుల కార్డు నుంచి గాని, అయస్కాంతపు టేపు నుంచి గాని, డ్రమ్ము నుంచి గాని 36 బిట్ల పదం ఒక్కటి మెమరీలోకి వచ్చేది. ఆ ఒక్క పదంలోని ఆదేశాలు తరువాతి వాటిని లాగేవి. అవి మరికొన్నింటిని లాగేవి. చీమ చిటికెనవేలంత దారాన్ని, దారం పగ్గాన్ని, పగ్గం మోకును లాగినట్లు పెద్ద ప్రోగ్రాము యావత్తూ చివరకు లోపలికి చేరేది. తన భుజం మీద తాను ఎక్కలేని నటుడికి ఎవరో ఒక చిన్న పీట వేసినట్లయింది. ఆ పీట వేసింది మనిషి వేలు.

సామాన్యుడి ఇంటికి యంత్రం చేరిన తొలిరోజులలో ఆ పీట వేయడం చాలా శ్రమతో కూడిన పని. 1975 జనవరిలో పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ప్రకటితమైన ఆల్టెయిర్ 8800కు కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద వరుసలుగా మీటలు, వాటి పైన చిన్న దీపాలు మాత్రమే ఉండేవి. మీట పైకెత్తితే ఒకటి, దించితే సున్న. ఒక్కొక్క ఆదేశాన్నీ ఈ విధంగా చేతితో ఎక్కించవలసిందే. యజమాని దీపం ఆర్పి పడుకొంటే మరునాడు మళ్ళీ మొదటి నుంచి ప్రారంభం.

ఆ ఏడాదే బిల్ గేట్స్, పాల్ అలెన్ అనే ఇద్దరు యువకులు ఆ యంత్రానికి బేసిక్ భాషను సిద్ధం చేశారు. దానిని చూపించడానికి అలెన్ ఆల్బకర్కీ నగరానికి విమానంలో బయలుదేరాడు. విమానం దిగబోయే వేళ ఆయనకు ఒక సంగతి స్ఫురించింది. బేసిక్ అంతా కాగితపు టేపు మీద ఉన్నది సరే, ఆ టేపును చదివి లోపలికి తెచ్చే బూట్‌స్ట్రాప్ ఆదేశాలు తాము రాయనే లేదు! విమానంలో కూర్చొనే వాటిని కాగితం మీద రాసుకొన్నాడు. మీటలతో ఎక్కించాడు. యంత్రం మేలుకొంది. మైక్రోసాఫ్టు సంస్థ ప్రస్థానానికి ముందు జరిగిన ఈ ఘట్టంలో భాష ఎంత ముఖ్యమో, దానిని మేలుకొలిపే ఆ నాలుగు అంకెల పంక్తులూ అంతే ముఖ్యం.

రోజూ మీటలు ఎత్తడం ఎవరి తరం? అందుచేత మేలుకొలుపు పాటను చెరగని మెమరీలో, అంటే రామ్‌లో, ముందుగానే ముద్రించి పెట్టే పద్ధతి వచ్చింది. విద్యుత్తు పోయినా అది చెరగదు. (ఈ రామ్ వేరు, చెరిగిపోయే ర్యామ్ వేరు. రెండింటికీ ఒక్క ధ్వనిలోనే తేడా!) యంత్రంతో నేరుగా మాట్లాడే భాగాన్ని విడదీసి దానికి బయాస్ అని పేరు పెట్టినవాడు సీపీఎం వ్యవస్థను నిర్మించిన గ్యారీ కిల్డాల్. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐబీఎం పీసీలో ఆ పేరు గల భాగం చిప్పులో స్థిరపడింది. అందులోని 8088 ప్రాసెసరు చూడగలిగిన గళ్ళు 10,48,576. మేలుకోగానే అది చూసేది చివరి నుంచి పదహారవ గడిని. ఎందుకు అక్కడే అంటే, అలా నిర్మించారు కనుక. పసిబిడ్డ పుట్టగానే పాలకోసం వెదకినట్లు అది యంత్రానికి సహజాతం. ఆ గడిలోని ఆదేశం బయాస్ దగ్గరకు పొమ్మంటుంది. ఆత్మాశ్రయ దోషానికి శాశ్వతమైన పరిష్కారం అక్కడ దొరికింది.

అక్కడి నుంచి సాగేది ఒక అంచెల ప్రయాణం. పూర్వం తపాలాను ఒక బంటు కొంత దూరం మోసుకొని పోయి మరొక బంటుకు అందించినట్లు, బయాస్ ముందుగా అవయవ పరీక్ష చేస్తుంది. పిమ్మట డిస్కులోని మొదటి గదిని చదువుతుంది. ఆ గదిలోని చిన్న ప్రోగ్రాము తనకంటె పెద్దదానిని లేపుతుంది. అది విండోసునో లినక్సునో లేపుతుంది. ప్రతి బంటుకూ తెలిసింది తన తరువాతివాడి చిరునామా మాత్రమే. అందువల్ల యంత్రం లేవలేదంటే "యంత్రం పాడైంది" అని కాదు, "ఫలానా అంచె దగ్గర సంచి ఆగిపోయింది" అని అర్థం. ఏ అంచెలో ఆగిందో తెలుసుకొంటే సగం వైద్యం అయినట్లే.

మొదటి అంచెలో ఆగితే తెర మీద అక్షరమైనా కనబడదు. అందుకే ఐబీఎం వారు యంత్రానికి కూత నేర్పారు. ఒక పొట్టి కూత వినిపిస్తే అంతా కుశలం. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు వినిపిస్తే తెరకు బొమ్మ పంపే కార్డులో లోపం. ఒక దీర్ఘం, ఒక హ్రస్వం అయితే మదర్‌బోర్డులో లోపం. అసలు శబ్దమే లేకుంటే ముందుగా అనుమానించవలసింది పవర్ సప్లయిని. గురులఘువులు లెక్కించడం అలవాటైన మనబోటివారికి ఇది కొత్త విద్య కాదు. అయితే 1984 నుంచి ఫీనిక్స్ మొదలైన సంస్థలు ఐబీఎం బయాస్‌కు సమానమైనవి తయారుచేసి అమ్మసాగాయి. కాలక్రమేణా ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క ఛందస్సు ఏర్పడింది. కనుక కూతల అర్థం కోసం ఆ బోర్డుతో వచ్చిన పుస్తకమే చూడాలి.

1984లోనే వచ్చిన ఐబీఎం ఏటీ యంత్రంతో గడియారానికీ, అమరికల జ్ఞాపకానికీ ఒక బ్యాటరీ తోడైంది. తరువాతి కాలపు బోర్డులలో ఎక్కువగా కనబడే బిళ్ళ బ్యాటరీ పేరు సీఆర్ 2032. ఆ అంకెలలో 20 దాని వ్యాసం మిల్లీమీటర్లలో, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. అది నీరసించిపోతే యంత్రం ఏనాటిదో తేదీ చూపుతుంది, ఏ డిస్కు నుంచి లేవాలో మరచిపోతుంది. చాలా పాత యంత్రాల "మరణానికి" అసలు కారణం ఈ బిళ్ళ ఒక్కటే.

రెండవ అంచె డిస్కు మొదటి గది. అది 512 బైట్లు మాత్రమే. దాని చివరి రెండు బైట్లలో ఒక నియత సంకేతం లేకుంటే బయాస్ దానిని నమ్మదు. మరచిపోయిన ఫ్లాపీ యంత్రంలో ఉండిపోతే, బయాస్ ముందుగా దానినే చదివి "నాన్ సిస్టం డిస్క్" అని మొర పెట్టేది. ఫ్లాపీ తీసివేస్తే చాలు, వ్యాధి మాయం. ఇంత చిన్న గదిలో ఎవరు కాపురముంటే వారే ముందుగా మేలుకొంటారు గనుక దొంగల కన్ను దాని మీద పడింది. 1986లో లాహోరులో పుట్టిన బ్రెయిన్ వైరసు ఫ్లాపీలోని ఆ మొదటి గదినే ఆక్రమించింది. తైవాను విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరసు మరింత ముందుకు పోయింది. 1999 ఏప్రిల్ 26న అది డిస్కు తొలిభాగాన్ని చెరపడమే కాక, కొన్ని యంత్రాలలో బయాస్‌నే తుడిచివేసింది. మేలుకొలుపు పాడేవాడి గొంతు నొక్కిన ఘటన అది.

మూడవ అంచె విండోసు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో "సేఫ్ మోడ్" సామాన్యులకు పరిచయమైంది. లేచే సమయంలో ఎఫ్8 నొక్కితే అత్యవసరమైనవి తప్ప తక్కిన పరివారాన్నంతా పక్కన పెట్టి యంత్రం లేస్తుంది. లంఘనం పరమౌషధం అన్న వైద్యసూత్రమే ఇది. పథ్యం మీద లేవగలిగిన యంత్రం విందు మీద లేవలేకపోతే, దోషం కొత్తగా చేర్చిన వడ్డనలో ఉన్నదని తెలుస్తుంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ మీదనే మనలో చాలామంది తెలుగులో తొలి అక్షరాలు కొట్టారు. "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అన్న నల్లతెర వాక్యం వారికి గుర్తుండే ఉంటుంది. విండోసును లేపే బంటు కనబడలేదని మాత్రమే దాని భావం. ఇల్లు కాలిపోయిందని కాదు. 2012లో విండోస్ 8తో పాటు బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి విస్తరించింది. యంత్రాలు ఎంత వేగంగా లేవసాగాయంటే ఎఫ్8 నొక్కే వ్యవధి కూడా మిగలలేదు. వరుసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే యంత్రమే తన చికిత్సాలయపు తలుపు తెరిచే ఏర్పాటు వచ్చింది.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోరాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక దోషభూయిష్ఠమైన ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో కూలబడ్డాయని మైక్రోసాఫ్టు అంచనా వేసింది. ఎన్నో దేశాలలో విమానాలు ఆగాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలోనూ ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. మందు ఏమిటి? యంత్రాన్ని సేఫ్ మోడులో లేపి ఆ ఒక్క ఫైలునూ తొలగించడం. ముప్పదియేండ్ల నాటి పథ్యమే ప్రపంచాన్ని మళ్ళీ నడిపించింది. ఆ మందుకు యంత్రాన్ని చెరిపివేయవలసిన అవసరం లేదన్నది గమనార్హం.

ఇదంతా చెప్పడానికి కారణం ఉన్నది. నాకు తెలిసిన ఒక విశ్రాంత తెలుగు పండితులు అయిదేండ్లు శ్రమించి ఒక శతకానికి వ్యాఖ్యానం రాసుకొన్నారు. ఒకనాడు యంత్రం లేవలేదు. బాగుచేయ వచ్చిన అబ్బాయి "ఫార్మాట్ కొట్టాలి మాస్టారూ" అన్నాడు. కొట్టాడు. యంత్రం చక్కగా లేచింది. వ్యాఖ్యానం మాత్రం లేవలేదు. లోపం మూడవ అంచెలోనిది. రాతలు దానికి ఏ సంబంధమూ లేకుండా అదే డిస్కులో పదిలంగా ఉండినవి.

తాళ్ళపాకవారి రాగిరేకులు తిరుమలలోని అరలో శతాబ్దాల పాటు ఎవరికీ కనబడకుండా ఉండిపోయాయి. తలుపు మూసి ఉన్నంత మాత్రాన రేకులు కరిగిపోలేదు. తెరిచిన నాడు సంకీర్తనలు వెలికి వచ్చాయి. తలుపు బిగుసుకొన్నదని అరను పడగొట్టి ఉంటే మనకు మిగిలేదేమిటి?

కనుక మిత్రులారా, యంత్రం లేవనప్పుడు వరుసగా ప్రశ్నించండి. దీపం వెలుగుతున్నదా, పంకా తిరుగుతున్నదా? కూత ఏమంటున్నది? తెర మీద తొలి అక్షరాలు వచ్చి ఆగిందా? సేఫ్ మోడులో లేస్తున్నదా? ఏదీ ఫలించకపోయినా రాతలను బయటకు తీసే దారి ఉన్నది. 2000లో వెలువడిన నాపిక్స్ సీడీ డిస్కును తాకకుండానే యంత్రాన్ని లేపి, లోపలి ఫైళ్ళను చూపగలిగేది. ఉబుంటువారు 2005 నుంచి 2011 వరకు ఇటువంటి సీడీలను అడిగినవారికి ఉచితంగా తపాలాలో పంపారు. ఇప్పుడు అదే పనిని ఒక పెన్‌డ్రైవు చేస్తుంది. లేదా డిస్కును విప్పి మరొక యంత్రానికి తగిలించి చదవవచ్చు. డిస్కు టకటకమని కొట్టుకొంటున్నట్లయితే మాత్రం మళ్ళీ మళ్ళీ లేపే ప్రయత్నం మాని నిపుణుడి చేతికి ఇవ్వాలి. కొత్త యంత్రాలలో డిస్కుకు తాళం ఉంటుంది. బిట్‌లాకర్ అనే ఆ తాళపు 48 అంకెల తిరుగుసంఖ్యను ఇప్పుడే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఫార్మాట్ అన్న మాట వినబడగానే "ముందు నా రాతలు తీసి ఇవ్వు నాయనా, తరువాత నీ ఇష్టం" అనండి. యంత్రాన్ని ఎప్పుడైనా లేపవచ్చు, కొత్తది కొనవచ్చు. మన రాతలకు రెండవ ప్రతి ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. ఈ టపా చదివిన వారు ఈ రాత్రికి ఒక్క ప్రతి వేరొక చోట దాచుకొన్నా నా శ్రమ ఫలించినట్లే. పాతకాలపు యంత్రాలను చేతి మీటలతో లేపిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే వ్యాఖ్యలో తెలియజేయ ప్రార్థన.