ఒక దరఖాస్తు - ఒకే నమోదు: ఆన్‌లైన్ సేవలలో డూప్లికేట్ల నివారణ

కర్నూలు: ఆన్‌లైన్‌లో సమర్పించిన ఒకే దరఖాస్తు డేటాబేస్‌లో రెండుసార్లు నమోదు కావడం పైకి చిన్న సాంకేతిక లోపంగా కనిపించినప్పటికీ, దాని భారం చివరకు అర్జీదారునిపైనే పడుతుంది. రుసుము రెండుసార్లు వసూలు కావచ్చును. విచారణ సిబ్బంది ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లవలసి రావచ్చును. అన్నింటికంటే ముఖ్యంగా, డూప్లికేట్ల ఏరివేతలో అసలు దరఖాస్తు కూడా తిరస్కరణకు గురయ్యే ప్రమాదమున్నది. ఈ అంశంపై పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం కొన్ని వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

నేపథ్యం

రాష్ట్రంలో 2011 నవంబరులో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్ర ప్రారంభమైనవి. పౌరునికి మార్గాలు పెరగడం మేలే. అయితే ఒకే అర్జీ ఒకటికి మించిన మార్గాలలో చేరే అవకాశం కూడా దానితోపాటు పెరిగినది.

డూప్లికేట్లు ఏర్పడే విధానం

ఆపరేటర్ సబ్మిట్ నొక్కిన తరువాత దరఖాస్తు సర్వరుకు చేరి, డేటాబేస్‌లో నమోదవుతుంది. కానీ నెట్ నెమ్మదించినా, కరెంటు పోయినా రసీదు తెరపైకి రాదు. దరఖాస్తు వెళ్లలేదని భావించి ఆపరేటర్ మరల నొక్కుతారు. 1999 జూన్‌లో ప్రచురితమైన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ప్రకారం, సమాచారాన్ని చూడడానికి ఉపయోగించే గెట్ అభ్యర్థనను ఎన్నిసార్లు పంపినా ఫలితంలో మార్పు ఉండరాదు. దరఖాస్తులు పంపడానికి వాడే పోస్ట్ అభ్యర్థనకు అట్టి హామీ లేదు. కావున రెండవసారి వచ్చిన దానిని గుర్తించే బాధ్యత సేవను రూపొందించిన వారిదే.

నాలుగు అంచెల రక్షణ

1. ఒకసారి నొక్కగానే సబ్మిట్ బటన్ పనిచేయకుండా చేయడం. ఇది సౌకర్యం మాత్రమే. పేజీని తిరిగి తెరిచిన పక్షంలో ఈ రక్షణ ఉండదు.

2. నమోదు పూర్తికాగానే 303 సంకేతంతో బ్రౌజరును రసీదు పేజీకి మళ్లించడం. అప్పుడు రిఫ్రెష్ చేసినా రసీదు మాత్రమే మరల కనిపిస్తుంది, దరఖాస్తు తిరిగి వెళ్లదు.

3. ఫారం తెరిచినప్పుడే దానికి ఒక టోకెన్ సంఖ్య కేటాయించడం. అదే టోకెన్‌తో రెండవ అభ్యర్థన వస్తే కొత్త నమోదు చేయరాదు. అట్టి సందర్భంలో తప్పు జరిగినదని చూపక, మొదటి రసీదు సంఖ్యనే తిరిగి చూపవలెను.

4. డేటాబేస్‌లోనే యూనిక్ నిబంధన విధించడం. ఇది అన్నింటికంటే కీలకమైనది. దరఖాస్తు ముందే ఉన్నదా అని ప్రోగ్రాం వెతికి, లేకుంటే చేర్చే పద్ధతి ఒక్కటే చాలదు. రెండు అభ్యర్థనలు ఒకే క్షణంలో వస్తే, రెండింటికీ లేదనే సమాధానమే వచ్చి రెండూ నమోదవుతాయి. యూనిక్ నిబంధన ఉంటే రెండవదానిని డేటాబేస్ స్వయంగా నిరాకరిస్తుంది.

రుసుము విషయంలో, మొదటి చెల్లింపు స్థితిని లావాదేవీ సంఖ్య ద్వారా తెలుసుకొనిన తరువాతనే మరల చెల్లింపు కోరవలెను.

ఏది డూప్లికేట్, ఏది కాదు

యూనిక్ నిబంధనను దేనిపై విధించవలెనన్నది సాంకేతిక నిర్ణయం మాత్రమే కాదు, పరిపాలనా నిర్ణయం కూడా. ఈ ప్రాంతంలో ఇలవేల్పుల పేరిట మద్దిలేటి, ఈరన్న, నరసింహులు వంటి పేర్లు పెట్టుకొనడం ఆనవాయితీ. ఒకే గ్రామంలో ఒకే పేరు గల వారు పలువురు ఉంటారు. ఇంటిల్లిపాదికీ ఒకే సెల్‌ఫోన్ ఉండవచ్చును. కావున పేరు గాని, ఫోన్ నంబరు గాని ఆధారం కాజాలదు. ఆధార్ సంఖ్య వ్యక్తిని గుర్తిస్తుందే తప్ప దరఖాస్తును కాదు. ఒకే వ్యక్తి వేర్వేరు ధ్రువపత్రాలు కోరవచ్చును.

పంట సంబంధిత దరఖాస్తులలో సర్వే నంబరు ఒక్కటే ప్రాతిపదిక అయితే, అదే నంబరులో సబ్‌డివిజన్లు గల అన్నదమ్ములు నష్టపోతారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం క్రింద హక్కు పత్రం పొందిన కౌలు రైతు దరఖాస్తు కూడా ఆగిపోవచ్చును. పథకం, సీజను, సబ్‌డివిజను, సాగుదారు అనే నాలుగింటినీ కలిపి చూడడం సముచితం.

ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుండి సుగ్గికి వెళ్లే కుటుంబాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దరఖాస్తు పొరపాటున డూప్లికేట్‌గా తిరస్కరింపబడితే, ఊరికి తిరిగి వచ్చేవరకు వారికి ఆ సంగతి తెలియకపోవచ్చును. అప్పటికి గడువు ముగిసిపోవచ్చును.

సమస్య పరిష్కారం కాక తిరిగి ఇచ్చిన అర్జీని డూప్లికేట్‌గా పరిగణించరాదు. దానిని మొదటి అర్జీకి జతచేసి, జాప్యాన్ని మొదటి తేదీ నుండే లెక్కించవలెను.

పాత రికార్డుల సవరణ

డూప్లికేట్లు ఉన్న పట్టికపై యూనిక్ నిబంధన విధింపబోతే డేటాబేస్ సాధారణంగా అంగీకరించదు. ముందుగా వాటిని సరిచేయవలెను. రికార్డులను తొలగించక, విడిగా భద్రపరచి, మొదటి తేదీని నిలిపి, రెండింటికీ జతచేసిన పత్రాలను ఒకచోట చేర్చడం మేలు. మార్పు ఎవరు, ఎప్పుడు చేసినదీ నమోదై ఉండవలెను. అర్జీదారునికి సందేశం పంపవలెను.

గమనింపదగిన అంశాలు

కొత్త సేవ ప్రారంభానికి ముందు ఒకే ఫారంను ఒకే సమయంలో రెండుసార్లు పంపి, ఒకే నమోదు, ఒకే రసీదు, ఒకే రుసుము వచ్చినదీ లేనిదీ అధికారులు పరీక్షింపవలెను. గణాంకాలు ప్రకటించేటప్పుడు దరఖాస్తుల సంఖ్యను, అర్జీదారుల సంఖ్యను విడివిడిగా తెలుపవలెను. డూప్లికేట్ పేరిట తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు అసలు దరఖాస్తు సంఖ్య చూపినదీ లేనిదీ పాత్రికేయులు అడిగి తెలుసుకొనవచ్చును. రసీదు రాని పక్షంలో ప్రజలు కూడా మరల దరఖాస్తు చేసే ముందు, మొదటి దాని స్థితిని విచారించుకొనడం శ్రేయస్కరం.